మైకేల్ సామ్‌కు ఎన్‌ఎఫ్‌ఎల్‌లో న్యాయమైన అవకాశం దక్కిందా? అపోహలు - వాస్తవాలు

ఎన్‌ఎఫ్‌ఎల్ అంటే అమెరికన్ ఫుట్‌బాల్‌లో పెద్ద లీగ్. ఏటా అక్కడ డ్రాఫ్ట్ (జట్లు కొత్త కాలేజీ ఆటగాళ్లను ఏడు రౌండ్లలో వంతులవారీగా ఎంచుకునే కార్యక్రమం) దగ్గరపడేసరికి ఈ వాదన మళ్లీ లేస్తుంది. "సామ్‌కు అంత ఆట లేదు, అందుకే పోయాడు" అంటారు ఒకరు. "గే కాబట్టే తొక్కేశారు" అంటారు ఇంకొకరు. రెండు వైపులా గొంతు పెద్దదే కానీ, రోస్టర్ (జట్టు ఆటగాళ్ల జాబితా) ఎలా తయారవుతుందో చూసి మాట్లాడేవాళ్లు తక్కువ. ఆటగాళ్లను అంచనా వేసే పనిలో ఉన్నవాళ్లకు ఈ రెండు జవాబులూ మింగుడుపడవు. పైగా ఈ ప్రశ్న అడిగే కుర్రాళ్లలో కొందరు సామ్ గురించి కాదు, తమ గురించే అడుగుతుంటారు. వాళ్లకు పుకార్లు చెప్పి పంపడం తప్పు.

ముందు జరిగింది చెప్పుకుందాం. టెక్సస్‌లోని హిచ్‌కాక్‌లో పెరిగిన సామ్ మిస్సోరి యూనివర్సిటీకి డిఫెన్సివ్ ఎండ్, అంటే డిఫెన్స్ లైన్ చివర నిలబడి, బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ మీదికి దూసుకెళ్లేవాడు. 2013 సీజన్‌లో 11.5 సాక్‌లు (క్వార్టర్‌బ్యాక్‌ను బంతి విసరకముందే పడగొట్టడం), 19 ట్యాకిల్స్ ఫర్ లాస్ (బంతి ఉన్నవాణ్ణి మొదలైన గీతకు వెనకే పడగొట్టడం). ఎస్‌ఈసీ (మిస్సోరి ఆడే కాలేజీ లీగ్) ఉత్తమ డిఫెన్స్ ఆటగాడి గౌరవాన్ని అలబామా లైన్‌బ్యాకర్ సి.జె. మోస్లీతో పంచుకున్నాడు. 2014 ఫిబ్రవరి 9న తాను గే అని బహిరంగంగా చెప్పాడు. మే 10న సెయింట్ లూయిస్ ర్యామ్స్ ఏడో రౌండ్‌లో, 256 మందిలో 249వ వాడిగా తీసుకుంది. ఆగస్టు 30న వదిలేసింది. సెప్టెంబర్ 3న డల్లాస్ కౌబాయ్స్ ప్రాక్టీస్ స్క్వాడ్‌లో (జట్టుతో సాధన చేసే, మ్యాచ్ ఆడని అదనపు ఆటగాళ్ల బృందం) చేరాడు, అక్టోబర్ 21న అక్కడా వదిలేశారు. ఎన్‌ఎఫ్‌ఎల్ రెగ్యులర్ సీజన్‌లో ఒక్క స్నాప్ (బంతి కదిలే ఒక్క ఆట) కూడా ఆడలేదు.

అపోహ: "ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఆట ఉంటే చాలు. ఆట ఉన్నవాడిని ఎవరూ ఆపలేరు."

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఈ మాటే. అందుకే దీని దగ్గరే ఎక్కువసేపు ఆగుతాను.

మొదటి రెండు రౌండ్లలో పోయేవాళ్ల విషయంలో ఇది చాలావరకు నిజం. సామ్ ఆ వరుసలో లేడు. అతనిది రోస్టర్ అంచు. 2014లో శిక్షణ క్యాంప్ 90 మందితో మొదలై, ముందు 75కు, తర్వాత 53కు కుదించేవారు. వాళ్లలో అప్పట్లో మ్యాచ్ రోజు దుస్తులు వేసుకునేది 46 మంది. ఇవి కాక ప్రాక్టీస్ స్క్వాడ్‌లో 10 చోట్లు. క్యాంప్ మొదలయ్యే నాటికే నలభై పైచిలుకు పేర్లు ఖాయమై ఉంటాయి. అసలు పోటీ 45వ వాడికీ 63వ వాడికీ మధ్య. అక్కడ ఒకడి ఆటకూ ఇంకొకడి ఆటకూ తేడా వెంట్రుకవాసి. తేడా అంత తక్కువ ఉన్నప్పుడు తీర్పు ఆట మీద రాదు, ఆట బయటి విషయాల మీద వస్తుంది.

ఆ బయటి విషయాలు ఇవి. కిక్ కవరేజ్‌లో (కిక్ కొట్టాక బంతి అందుకున్నవాణ్ణి వెంటాడటం) పరిగెత్తగలడా? రెండో పొజిషన్ ఆడగలడా? ఏ రౌండ్‌లో వచ్చాడు? వదిలేస్తే ఎంత డబ్బు పోతుంది? చివరిది ఎవరూ కాగితం మీద రాయరు: వీడి వల్ల తలనొప్పి ఎంత?

డబ్బు సంగతి చూడండి. సామ్ ఒప్పందం నాలుగేళ్లకు దాదాపు 26.5 లక్షల డాలర్లని వార్తలు వచ్చాయి. అది చూసి జనం అబ్బురపడ్డారు. గ్యారంటీగా చేతికొచ్చేది సంతకం బోనస్ ఒక్కటే, అది సుమారు 46 వేల డాలర్లు. మిగతాదంతా రోస్టర్‌లో ఉంటేనే. మూడో రౌండ్‌లో వచ్చినవాడి బోనస్ కొన్ని లక్షల డాలర్లు ఉంటుంది. వాడిని మొదటి ఆగస్టులోనే వదిలేస్తే ఆ మొత్తం శాలరీ క్యాప్ (జట్టు జీతాల పరిమితి) మీద చచ్చిన డబ్బుగా కూర్చుంటుంది, ఎంపిక చేసిన జనరల్ మేనేజర్ పరువూ పోతుంది. అందుకే మూడో రౌండ్ వాడు తడబడినా రెండేళ్లు ఓపిక పడతారు. ఏడో రౌండ్ వాడికి ఆ ఓపిక ప్రీసీజన్ (సీజన్‌కు ముందు సన్నాహక) మ్యాచ్‌ల వరకే, 2014లో అవి నాలుగు. డ్రాఫ్ట్‌లో ఎన్ని చోట్లు కిందికి జారితే అంత తక్కువ సమయం దొరుకుతుంది. అవకాశం అంటే సమయమే.

ఇప్పుడు తలనొప్పి సంగతి. సామ్ ప్రకటన వచ్చిన రాత్రికి రాత్రే సీబీఎస్ స్పోర్ట్స్ అంచనా పట్టికలో అతను 90వ స్థానం నుంచి 160కి పడిపోయాడు. మధ్యలో మ్యాచ్ లేదు, గాయం లేదు, స్టాప్‌వాచ్ లేదు. కొందరు జట్టు అధికారులు పేరు చెప్పకుండా పత్రికలకు ఇతని విలువ పడిపోతుందని చెప్పారు. ఆ జూలైలో టోనీ డంజీ, సూపర్ బౌల్ గెలిచిన తొలి నల్లజాతి హెడ్ కోచ్, ఎంతో గౌరవం ఉన్న మనిషి, పేరు పెట్టుకునే చెప్పాడు. తానైతే తీసుకునేవాడిని కాదని, సామ్‌కు ఆడే అవకాశం ఉండకూడదని తన ఉద్దేశం కాదని, ఆ వ్యవహారమంతా నెత్తిన పెట్టుకోవడం ఇష్టం లేదని. ఇందులో ద్వేషం వెతకక్కర్లేదు. 32 జట్లలో సగం మంది ఇలా అనుకున్నా ఆటగాడి సంత, అంటే అతన్ని కోరే జట్ల సంఖ్య, సగానికి కుదించుకుపోతుంది. 249వ స్థానంలో ఉన్నవాడికి ఆ సగమే ప్రాణం.

నియమం లేదా అంటే ఉంది. 2011లో లీగ్‌కూ ఆటగాళ్ల సంఘానికీ కుదిరిన ఒప్పందంలో వివక్ష కూడదన్న నిబంధనలో లైంగికత కూడా చేరింది. అయినా 2013 కంబైన్‌లో (డ్రాఫ్ట్‌కు ముందు ఆటగాళ్లకు కొలతలు, పరుగు పరీక్షలు, జట్ల ఇంటర్వ్యూలు జరిగే శిబిరం) కొలరాడో ఆటగాడు నిక్ కాసా, తనను ఇంటర్వ్యూలో "నీకు అమ్మాయిలంటే ఇష్టమేనా" అని అడిగారని బయటపెట్టాడు. లీగ్ విచారణ జరపాల్సి వచ్చింది. ఇది సామ్ ప్రకటనకు ఏడాది ముందు మాట. కాగితం మీద నిబంధన వేరు, గది తలుపు వేశాక అడిగే ప్రశ్న వేరు.

అపోహ: "ఎస్‌ఈసీ ఉత్తమ డిఫెన్స్ ఆటగాడు ఏడో రౌండ్‌కు పడ్డాడంటే వివక్షే. వేరే కారణమే లేదు."

ఈ వాదనకు బలం లేకపోలేదు. ఆ అవార్డు అందుకున్నవాళ్లలో గ్లెన్ డోర్సీ, ఎరిక్ బెర్రీ, ప్యాట్రిక్ పీటర్సన్ ముగ్గురూ తమ తమ డ్రాఫ్ట్‌లలో ఐదో పిక్‌గానే (ఎంపిక వరుసలో ఐదోవాడిగా) వెళ్లారు. మోరిస్ క్లెయిబోర్న్ ఆరో పిక్. సామ్‌తో అవార్డు పంచుకున్న మోస్లీ అదే డ్రాఫ్ట్‌లో 17వ పిక్‌గా బాల్టిమోర్‌కు వెళ్లాడు. 17 ఎక్కడ, 249 ఎక్కడ!

కానీ టేప్ (మ్యాచ్ వీడియోలు) చూసినవాళ్లకు వేరే లెక్కలు కూడా కనబడ్డాయి. 11.5 సాక్‌లలో 9 మూడే మ్యాచ్‌లలో వచ్చాయి: ఆర్కాన్సా స్టేట్, వాండర్‌బిల్ట్, ఫ్లోరిడాల మీద తలా మూడు. మిగతా పదకొండు మ్యాచ్‌లకు కలిపి రెండున్నర. తర్వాత కంబైన్. ఎత్తు ఆరడుగుల రెండంగుళాలకు కాస్త తక్కువ, బరువు 261 పౌండ్లు. 40 గజాలకు 4.91 సెకన్లు, నిలువు జంప్ 25.5 అంగుళాలు, 225 పౌండ్ల బార్ 17 సార్లు, త్రీ-కోన్ 7.80 సెకన్లు.

అందరూ 4.91 పట్టుకుని కూర్చుంటారు. అది అసలు విషయమే కాదు. సామ్‌కు అవతలి వైపు ఆడిన మిస్సోరి సహచరుడు కోనీ ఈలీ అదే కంబైన్‌లో 4.92 పరిగెత్తాడు. అంటే ఇంకాస్త నెమ్మది. అయినా రెండో రౌండ్‌లో 60వ పిక్‌గా కరోలినాకు వెళ్లాడు. తేడా త్రీ-కోన్‌లో ఉంది. ఈలీది 6.83, సామ్‌ది 7.80. ఐదేసి గజాల దూరంలో మూల ఆకారంలో పెట్టిన మూడు కోన్‌ల చుట్టూ తిరగడమే ఆ పరీక్ష. ఎడ్జ్ రషర్ (లైన్ చివరి నుంచి దూసుకెళ్లేవాడు) చేసే పని కూడా అదే: తనను అడ్డుకునే అవతలి జట్టు ఆటగాడి, అంటే ట్యాకిల్, భుజం కిందుగా వంగి, వేగం తగ్గకుండా క్వార్టర్‌బ్యాక్ వైపు మలుపు తిరగడం. ఒక సెకను తేడా అంటే క్వార్టర్‌బ్యాక్ బంతి విసిరేసి నిలబడి ఉంటాడు. పైగా ఈలీ ఆరడుగుల నాలుగంగుళాలు, 273 పౌండ్లు.

ఇంకో చిక్కు: సామ్ ఏ పొజిషన్‌కు చెందుతాడు? 4-3లో (నలుగురు లైన్‌లో, ముగ్గురు లైన్‌బ్యాకర్లు వాళ్ల వెనక నిలబడే డిఫెన్స్) ఎండ్‌గా నిలబడాలంటే కాస్త చిన్నవాడు. 3-4లో (ముగ్గురు లైన్‌లో, నలుగురు వెనక) బయటి లైన్‌బ్యాకర్‌గా వెనక్కి పడి, బంతి అందుకోబోయేవాళ్లను కాయాలంటే కాళ్లు అంత చురుకు కావు. జనవరిలో సీనియర్ బౌల్ (డ్రాఫ్ట్‌కు వచ్చే కాలేజీ ఆటగాళ్ల ప్రదర్శన మ్యాచ్) సాధనలో లైన్‌బ్యాకర్‌గా నిలబెట్టినప్పుడు ఈ లోటు బయటపడింది. దాంతో 3-4 ఆడే జట్లకు అతను అప్పుడే దూరమయ్యాడు. అంటే ప్రకటనకు ముందే అతని సంత కొంత చిన్నదైంది.

అవార్డు డ్రాఫ్ట్ టికెట్ కాదనడానికి జాక్సన్ జెఫ్‌కోట్ సాక్ష్యం. టెక్సస్ యూనివర్సిటీ ఎండ్. అదే 2013లో 13 సాక్‌లు, బిగ్ 12 (ఇంకో కాలేజీ లీగ్) ఉత్తమ డిఫెన్స్ ఆటగాడి గౌరవం, దేశంలోకెల్లా ఉత్తమ ఎండ్‌కు ఇచ్చే టెడ్ హెండ్రిక్స్ అవార్డు. అతన్ని ఏడు రౌండ్లలో ఒక్క జట్టూ తీసుకోలేదు. అతని పాత గాయాలు జట్లను భయపెట్టాయి.

మరి సామ్ జారింది త్రీ-కోన్ వల్లా, ప్రకటన వల్లా? నా అంచనా ఇది: ఆటను మాత్రమే చూస్తే అతను నాలుగు నుంచి ఆరో రౌండ్ మధ్య మనిషి. అక్కడి నుంచి 249కి జారిన దూరంలో ఎంత దేనిదో గ్రాముల లెక్కన తూచి చెబుతానన్నవాడిని నమ్మకండి.

అపోహ: "ర్యామ్స్ పేరు కోసం తీసుకుంది, పని అయ్యాక గెంటేసింది."

ఇక్కడ నేను ర్యామ్స్ పక్షాన నిలబడతాను. ఆ క్యాంప్‌లో సామ్‌కు దక్కింది నిజమైన అవకాశమే. ప్రీసీజన్ నాలుగు మ్యాచ్‌లలోనూ ఆడాడు, 3 సాక్‌లు చేశాడు. క్లీవ్‌లాండ్ మీద క్వార్టర్‌బ్యాక్ జానీ మాంజెల్‌ను పడగొట్టాడు. మయామీతో ఆఖరి మ్యాచ్‌లో జట్టులో అందరికంటే ఎక్కువ ట్యాకిల్స్ (బంతి ఉన్నవాణ్ణి పట్టి పడగొట్టడం) అతనివే. 75కు కుదించిన వడపోతను దాటాడు.

గోడ ఎక్కడ తగిలిందంటే, ఆ ఏడు లీగ్‌లోనే బలమైన డిఫెన్సివ్ లైన్లలో అదొకటి. ఎండ్‌లుగా క్రిస్ లాంగ్, రాబర్ట్ క్విన్, విలియం హేస్, యూజీన్ సిమ్స్. క్విన్ ఒక్కడే 2013లో 19 సాక్‌లు చేశాడు. పైగా ఆ డ్రాఫ్ట్‌లో 13వ పిక్‌గా వచ్చిన లోపలి లైన్‌మన్ పేరు ఆరన్ డోనాల్డ్. మిగిలిన ఒక్క చోటుకు పోటీ పడింది డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోని ఈథన్ వెస్ట్‌బ్రూక్స్. అతను లైన్ చివర ఎండ్‌గానూ, లైన్ లోపల డిఫెన్సివ్ ట్యాకిల్ స్థానంలోనూ ఆడగలడు. సామ్‌ది ఒకటే పొజిషన్. కిక్ కవరేజ్‌లోనూ ఉపయోగపడే వేగం లేదు. ఆ చోటు వెస్ట్‌బ్రూక్స్‌కు ఇవ్వడం ఏ కోచ్ అయినా చేసే పనే.

లీగ్ ఏదో ఆశ చూపించి ర్యామ్స్ చేత డ్రాఫ్ట్ చేయించిందన్న పుకారు తర్వాత తిరిగింది. హెడ్ కోచ్ జెఫ్ ఫిషర్ దాన్ని ఖండించాడు. దాని మీద కాలం వృథా చేయొద్దు.

అపోహ: "వేవర్స్‌లో 31 జట్లు వద్దనుకున్నాయంటే అర్థమైపోలేదా?"

అర్థం కాదు, ఎందుకంటే ఇక్కడ రెండు వేర్వేరు తలుపులున్నాయి. వేవర్స్ అంటే ఒక జట్టు వదిలేసిన ఆటగాణ్ణి మిగతా జట్లు కోరుకోగల గడువు. అందులో ఒక జట్టు క్లెయిమ్ చేస్తే నేరుగా 53లో చోటు ఇవ్వాలి. అప్పటికే తమ 53 ఖరారు చేసుకున్న జట్టు, ఇతని కోసం తమవాడినొకడిని తీసేయాలి. కొద్దిమందికే ఆ భాగ్యం. సామ్‌కు అది దక్కకపోవడం వింత కాదు.

వింతైనది రెండో తలుపు, ప్రాక్టీస్ స్క్వాడ్. అప్పట్లో 32 జట్లు, జట్టుకు 10, మొత్తం 320 చోట్లు. అక్కడ 53లో ఎవరినీ తీసేయక్కర్లేదు, 2014లో వారానికి 6,300 డాలర్ల కనీస జీతం. ప్రీసీజన్‌లో 3 సాక్‌లు చేసిన, తమ స్కీమ్ (ఆడే పద్ధతి) నెలల తరబడి నేర్చుకున్న ఏడో రౌండ్ కుర్రాణ్ణి జట్లు మామూలుగా తమ ప్రాక్టీస్ స్క్వాడ్‌లోనే పెట్టుకుంటాయి. ర్యామ్స్ పెట్టుకోలేదు. మొదటి రోజుల్లో మిగతా ఎవరూ పిలవలేదు. డల్లాస్ పిలిచేసరికి సెప్టెంబర్ 3. సెప్టెంబర్ 7న మొదటి మ్యాచ్‌లోనే క్రిస్ లాంగ్ చీలమండ దెబ్బతిని వారాల తరబడి దూరమయ్యాడు. వేరే జట్టు ప్రాక్టీస్ స్క్వాడ్ నుంచి ఆటగాణ్ణి తమ 53లోకి తెచ్చుకునే వీలు ఎవరికైనా ఉంటుంది. ర్యామ్స్ సామ్‌ను మళ్లీ తెచ్చుకోలేదు.

న్యాయం గురించి ప్రశ్న అడగాల్సిన చోటు ఇదే. డ్రాఫ్ట్‌కు త్రీ-కోన్ జవాబు చెబుతుంది, 53కు వెస్ట్‌బ్రూక్స్ జవాబు చెబుతాడు. ఆ 320 చోట్ల దగ్గర మాత్రం ఆట తరఫున నాకు గట్టి జవాబు దొరకలేదు. ఆ వారమే ఒక పెద్ద క్రీడా చానల్ సామ్ సహచరులతో కలిసి స్నానానికి వెళ్తున్నాడా లేదా అన్నదాన్ని వార్తగా ప్రసారం చేసి, తర్వాత క్షమాపణ చెప్పుకుంది. పదో ప్రాక్టీస్ స్క్వాడ్ చోటు కోసం ఆ కెమెరాలన్నీ మోయాలా అని జట్లు ఆలోచించి ఉంటాయి. ఆ కెమెరాలను పిలిచింది సామ్ కాదు.

డల్లాస్‌లో గడిచిన ఏడు వారాలూ అప్పటి కౌబాయ్స్ కేంద్రం, ఇర్వింగ్‌లోని వ్యాలీ రాంచ్‌లోనే. అక్కడి తెలుగువాళ్లకు బాగా తెలిసిన పేటే. అప్పటి నిబంధనల్లో మ్యాచ్ రోజుకు ప్రాక్టీస్ స్క్వాడ్ నుంచి తాత్కాలికంగా పైకి తెచ్చే పద్ధతి లేదు, 53లో చోటు ఖాళీ అయితేనే. ఆ పద్ధతి 2020లో వచ్చింది. ఇప్పుడు ప్రాక్టీస్ స్క్వాడ్‌లో 16 మంది, వారానికి ఇద్దరిని మ్యాచ్‌కు తేవచ్చు. ఇప్పుడు అంచున ఉన్న కుర్రాడికి సామ్ కంటే ఎక్కువ తలుపులున్నాయి.

అపోహ: "గే ఆటగాడుంటే లాకర్ రూమ్ (జట్టులో సఖ్యత) చెడిపోతుంది."

దీనికి పెద్ద జవాబు అక్కర్లేదు. సామ్ తాను గే అని 2013 ఆగస్టులోనే మిస్సోరి జట్టు మొత్తానికి చెప్పాడు. ముందటి ఏడు 5 గెలిచి 7 ఓడిన ఆ జట్టు ఆ సీజన్‌లో 12 గెలిచి 2 మాత్రమే ఓడింది. సీజన్ ముగింపు మ్యాచ్ కాటన్ బౌల్‌లో ఆఖరి నిమిషంలో ఓక్లహోమా స్టేట్ క్వార్టర్‌బ్యాక్ చేతిలోంచి బంతి రాలగొట్టింది సామ్, దాన్ని టచ్‌డౌన్‌కు తీసుకెళ్లింది షేన్ రే.

అపోహ: "కెనడాలో కూడా నిలవలేకపోయాడుగా!"

2015 మే నెలలో కెనడా లీగ్ జట్టు మాంట్రియల్ అల్వెట్స్‌తో సంతకం, ఆగస్టు 7న ఒటావా మీద ఒక్క మ్యాచ్, వారానికే మానసిక ఆరోగ్యం కారణంగా తప్పుకోవడం. ఒక్క మ్యాచ్‌తో ఏ డిఫెన్సివ్ ఎండ్‌నూ తూచలేం. పైగా అక్కడ డిఫెన్సివ్ లైన్ బంతికి గజం దూరంలో నిలబడాలి, మైదానం వెడల్పు 65 గజాలు, అటు పన్నెండుగురు ఇటు పన్నెండుగురు. అమెరికాలో నేర్చుకున్న మొదటి అడుగు అక్కడ పనిచేయదు, మళ్లీ నేర్చుకోవాలి. ఎవరికీ పట్టని జెఫ్‌కోట్ అదే లీగ్‌లో విన్నిపెగ్ తరఫున ఏళ్ల తరబడి ఆడి 2019, 2021 గ్రే కప్‌లు (ఆ లీగ్ టైటిల్) గెలిచాడు. అతనికి సమయం దొరికింది, ఒంటి మీద ఒక్క జెర్సీ బరువే ఉంది. మనసు బాగాలేక ఆట ఆపినవాణ్ణి పిరికివాడు అనడం నాకు కోపం తెప్పిస్తుంది. చీలమండ విరిగినవాణ్ణి అలా అనం కదా.

అపోహ: "డాన్స్ షో వల్ల పాడయ్యాడు."

టీవీ డాన్స్ పోటీలో సామ్ పాల్గొన్నది 2015 వసంతంలో. కౌబాయ్స్ వదిలేసి అప్పటికి నెలలు గడిచాయి. అయితే ఒక నిజం ఉంది: ఆ మార్చిలో వెటరన్ కంబైన్‌లో (జట్టు లేని పాత ఆటగాళ్లకు పెట్టిన పరీక్షలు) అతను 40 గజాలు 5.07, 5.10 పరిగెత్తాడు. ఏడాది కిందటి కంటే నెమ్మది. ఆ టైమింగ్‌తో ఎడ్జ్ రషర్‌కు పిలుపు రాదు. ఇది న్యాయం అన్యాయం సంగతి కాదు, స్టాప్‌వాచ్ సంగతి.

అపోహ: "కార్ల్ నాసిబ్ వచ్చాక ఆ సమస్య తీరిపోయింది."

డిఫెన్సివ్ ఎండ్ నాసిబ్ తాను గే అని 2021 జూన్ 21న చెప్పాడు. ఆ సెప్టెంబర్‌లో రెయిడర్స్ తరఫున ఓవర్‌టైమ్‌లో బాల్టిమోర్ క్వార్టర్‌బ్యాక్ లమార్ జాక్సన్ చేతిలోంచి బంతి రాలగొట్టి జట్టు గెలుపుకు దారి వేశాడు. గొప్ప సందర్భమే. కానీ 2016లో 65వ పిక్‌గా వచ్చి, అయిదు సీజన్లు ఆడి, మూడేళ్లకు 2.5 కోట్ల డాలర్ల ఒప్పందం చేతిలో పెట్టుకుని చెప్పినవాడు. అతన్ని వదిలేయడం జట్టుకు ఖరీదు. సామ్ చెప్పిన నాటికి అతని చేతిలో ఒక్క సంతకం లేదు. ఇద్దరినీ ఒకే త్రాసులో వేయకండి.

అపోహ: "డ్రాఫ్ట్ అయ్యేదాకా నోరు మూసుకుని ఉంటే సరిపోయేది."

నన్ను కుర్రాళ్లు ఎక్కువగా అడిగేది ఇదే, ఎక్కువ భయంతో అడిగేదీ ఇదే. ఎప్పుడు చెప్పాలి, అసలు చెప్పాలా అన్నది ఎవరికి వాళ్లే తేల్చుకోవాల్సింది. ఇంకొకరు చెప్పకూడదు. కానీ సామ్ ముందు "దాచుకోవడం" అనే దారి ఉన్నట్టు మాట్లాడటం అబద్ధం. నూరుమందికి పైగా ఉన్న మిస్సోరి జట్టు ఆరు నెలలు ఆ మాట మీడియాకు పొక్కనివ్వలేదు. కానీ 2014 జనవరిలో అలబామాలోని మొబైల్‌లో సీనియర్ బౌల్ జరిగే నాటికి స్కౌట్లు (జట్ల కోసం ఆటగాళ్లను అంచనా వేసేవాళ్లు), విలేకరులు గుసగుసలాడుకుంటున్నారు, అతని ఏజెంట్లనే అడుగుతున్నారు. కంబైన్ ఇంటర్వ్యూ గదులు ఇంకో నెలలో తెరుచుకోబోతున్నాయి. ఎవరో ఒకరు ముందుగా రాసేసేలోపు తన మాట తనే చెప్పుకోవాలని, అనుకున్న తేదీని ముందుకు జరిపి ఫిబ్రవరి 9న చెప్పాడు.